మీ పేరు జాబితాలో లేదు

గోగులపురంలో జనానికి నీళ్ళు ఇస్తున్నది మునిసిపల్ కమిషనరు గారేనని ఊరంతా అనుకునేది. కమిషనరు పరాంకుశరావు గారు కూడా అలాగే అనుకునేవారు. ఆ సంవత్సరం ఆడిట్ వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా ఆ నమ్మకానికి ఏ లోటూ రాలేదు.

ఊళ్ళో ఏడు వాటర్ ట్యాంకులున్నాయి. ఏ ట్యాంకు వాల్వు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఆఫీసు మేడ మీద ఏసీ గదిలో ఉన్న కంప్యూటరు చూసుకుంటుంది. ఆ కంప్యూటర్ని మంగతాయారు చూసుకుంటుంది. ఆమెకు నలభై మూడేళ్ళు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. గొంతు పెంచి మాట్లాడడం, చెప్పిన పనికి అడ్డం చెప్పడం ఆమెకు అలవాటు లేవు. రెండూ లేకపోబట్టే పదకొండేళ్ళు నిలిచిందని ఆఫీసులో అనుకునేవారు.

ఆ కంప్యూటర్లో ఒక చిన్న జాబితా ఉంది. లోపలికి వచ్చి చూడడానికి ఎవరికి వీలుంది, కమాండు ఇచ్చి యంత్రం చేత పని చేయించడానికి ఎవరికి హక్కుంది అన్నది అందులో రాసి ఉంటుంది. చూసేవాళ్ళు నలభై మంది. చేయించేవాళ్ళు ఒక్కరే. ఆ వరస ఇంతే: "మంగతాయారు: అన్నీ."

ఆడిట్ వాళ్ళు దీన్ని పట్టుకున్నారు. "సమస్త పరిపాలనాధికారములు ఒక కాంట్రాక్టు ఉద్యోగిని యందు కేంద్రీకృతమై యున్నవి. కమిషనరు వారికి సదరు యంత్రమును చూచు అధికారము మాత్రమే కలదు" అని రాసి పోయారు.

పరాంకుశరావు గారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి మంగతాయారుని పిలిపించారు.

"ఈ 'అన్నీ' ఏమిటమ్మా?"

"అన్నీ అండి. బిగుసుకుపోయిన ప్రోగ్రాంని తీసెయ్యడం, మళ్ళీ మొదలుపెట్టడం, కొత్తవాళ్ళని చేర్చడం... అన్నీ."

"నాకెన్ని?"

"మీకు చూడ్డం అండి."

"ఏం చూడ్డం?"

"నీళ్ళు వస్తున్నాయో లేదోనండి."

"అది కొళాయి దగ్గర నిలబడినా తెలుస్తుంది కదా!"

"తెలుస్తుందండి" అంది మంగతాయారు.

ఆ సాయంత్రమే 'అధికారాల హేతుబద్ధ పంపిణీ ఉపసంఘం' ఏర్పడింది. కమిషనరు గారు అధ్యక్షులు. ఆఫీసు మేనేజరు దక్షిణామూర్తి, ఆరోగ్యాధికారి డాక్టరు సత్యభాస్కరం, రెవెన్యూ అధికారి జోగారావు సభ్యులు. మంగతాయారు సభ్యురాలు కాదు. కమాండ్లకు తెలుగు చెప్పడానికి ఆమెను గుమ్మం దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"మొదటిది చెప్పమ్మా" అన్నారు కమిషనరు గారు.

"చంపడం అండి. ఏదైనా ప్రోగ్రాం బిగుసుకుపోతే దాన్ని చంపెయ్యాలి."

సభ్యులు ఉలిక్కిపడ్డారు. దక్షిణామూర్తి రూల్సు పుస్తకం తీసి తిరగేశాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన రూల్సు పుస్తకం ముయ్యగా చూసినవాళ్ళు లేరు. "సార్, మునిసిపాలిటీలో చంపడమనే సబ్జెక్టు ఉన్నది ఒక్క ఆరోగ్య విభాగంలోనే. వీధికుక్కల పద్దు కింద" అన్నాడు. ఆ కమాండు డాక్టరు గారికి వెళ్ళింది.

"రెండోది, ఆగినదాన్ని మళ్ళీ మొదలుపెట్టడం అండి."

"అంటే సస్పెండైనవాణ్ణి తిరిగి విధుల్లోకి తీసుకోవడం. అది ఎస్టాబ్లిష్‌మెంటు" అని దక్షిణామూర్తి తనే తీసుకున్నాడు. ఫైలు యజమాని పేరు మార్చే కమాండు ఒకటి ఉంటే, ఇంటిపన్ను రిజిస్టర్లో పేర్లు మార్చేది తమ శాఖే కనుక జోగారావు దాని మీద చెయ్యి వేశాడు. ఇంకొకటి ఉంది. దాన్ని కొడితే, కొట్టినవాడి పేరేమిటో యంత్రం చెబుతుంది. 'నేనెవరిని' అని అడగడమన్నమాట. దాని వల్ల లాభం గానీ నష్టం గానీ లేదని మంగతాయారు చెప్పింది.

"ఈ ఆఫీసులో ఆ ప్రశ్న అడిగే అధికారం కమిషనరుకి తప్ప ఇంకెవరికుంటుంది?" అన్నారు పరాంకుశరావు గారు. ఎవరూ పోటీకి రాలేదు.

ఇక మిగిలింది అన్నిటికన్నా పెద్దది. జాబితాతో నిమిత్తం లేకుండా ఏదైనా చేయగల ఖాతా ఒకటి యంత్రంలో ఉంటుంది. దాన్ని రూట్ అంటారు.

"రూట్ అంటే?"

"వేరు సార్" అన్నాడు దక్షిణామూర్తి.

"కమిషనరు స్థాయి అధికారి వేరులాగా మట్టిలో ఉండడమేమిటయ్యా? పేరు మార్చండి."

ఆ రోజు నుంచి దాని పేరు 'శిఖరం' అయింది. పేరు మారిస్తే కొన్ని ప్రోగ్రాంలు తికమక పడతాయని మంగతాయారు చిన్నగా అంది. తికమక పడకుండా వాటికి సర్క్యులర్ పంపమన్నారు. శిఖరం పాస్‌వర్డు ఒక్కరి దగ్గర ఉంటే మళ్ళీ కేంద్రీకరణ అవుతుందని నాలుగు ముక్కలు చేశారు. ఒక్కొక్కరూ వచ్చి తన ముక్క కొట్టారు. ఒకరు కొడుతుంటే మిగతా ముగ్గురూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. మంగతాయారుని వరండాలోకి పంపారు.

తిరిగి లోపలికి పిలిచి, జాబితాలో ఆమె వరస కొట్టెయ్యమన్నారు.

"సార్, ఒక్కమాట. జాబితాని మార్చే హక్కు ఇందులో ఎవరికీ రాయలేదండి. నా పేరు తీసేస్తే రేపు ఏ మార్పు కావాలన్నా..."

"ఉపసంఘం ఆమోదించిన జాబితాలో మార్పు అనే ప్రసక్తే ఉత్పన్నం కాదు" అన్నారు కమిషనరు గారు.

మంగతాయారు ఆ అభ్యంతరాన్ని ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇన్‌వర్డులో ఇచ్చి నంబరు వేయించుకుంది. తర్వాత తన వరస కొట్టేసింది. సొంత పేరు ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిగిపోతుంటే పదకొండేళ్ళూ అలాగే పోతున్నట్టనిపించింది. ఏడుపు రాలేదు గానీ ముక్కు మండింది. ఏసీ చల్లదనానికని సరిపెట్టుకుంది.

జాబితాలో తన పేరిట లేని కమాండు ఎవరైనా కొడితే ఆ యంత్రం ఒక జవాబు ఇస్తుంది: "మీ పేరు జాబితాలో లేదు. ఈ విషయం పైవారికి తెలియజేయబడుతుంది." మొదటివారంలోనే కమిషనరు గారు 'నేనెవరిని' అని కొట్టబోయి, పైన ఉన్న ఇంకో కమాండు కొట్టారు. జవాబు చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"పైవారంటే ఎవరమ్మా? కలెక్టరు గారా?"

"మీరేనండి. శిఖరానికి ఉత్తరం వస్తుంది. అది మీ ఇన్‌బాక్సుకే పెట్టించుకున్నారు."

ఆయన ఊపిరి పీల్చుకున్నారు. కానీ అధికారిక సమాచారం అందాక చర్య తీసుకోకపోతే తప్పు. అందుచేత పరాంకుశరావు గారు పరాంకుశరావు గారిని సంజాయిషీ అడిగారు. వారు సంతృప్తికరమైన సంజాయిషీ ఇచ్చుకున్నారు. భవిష్యత్తులో జాగ్రత్తగా ఉండమని హెచ్చరించి వదిలేశారు.

మూడు వారాలు ఏమీ జరగలేదు. అధికారులు రోజూ పదకొండింటికి మేడ మీదకు వచ్చేవారు. కమిషనరు గారు తానెవరో అడిగి తెలుసుకుని, టీ తాగి వెళ్ళేవారు. మంగతాయారు కుర్చీలో కూర్చుని చూసేది. ఇప్పుడు ఆమెకున్నది చూసే అధికారమే.

నాలుగోవారం మంగళవారం ఉదయం పన్నెండో వార్డు ట్యాంకును నడిపే ప్రోగ్రాం బిగుసుకుపోయింది. అదీ వాల్వు మూసి ఉండగానే. ఆ వార్డులో ఆరువందల గడపలు, ఒక ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. ఇదివరకైతే మంగతాయారు దాన్ని చంపి, మళ్ళీ మొదలుపెట్టి, డబ్బాలో ఉప్మా చల్లారకముందే తినేది. ఇప్పుడు పరుగున ఆరోగ్యాధికారి గదికి వెళ్ళింది.

"డాక్టరు గారూ, ఒక్కదాన్ని చంపాలండి. నంబరు రాసి తెచ్చాను."

డాక్టరు సత్యభాస్కరం కళ్ళజోడు తీశారు. మంచి మనిషి. ఇరవై ఏళ్ళుగా ఏ కాగితం మీదా తొందరపడి సంతకం చేయలేదు. "చంపడం ఇప్పుడు లేదమ్మా. రూల్సు మారిపోయాయి. పట్టుకోవాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చెయ్యాలి, టీకా వెయ్యాలి, ఎక్కడ పట్టుకున్నామో తిరిగి అక్కడే వదిలిపెట్టాలి."

"ఇది కుక్క కాదండీ. ప్రోగ్రాం."

"ఏ పద్దు కింద నాకు వచ్చిందో ఆ పద్దు నిబంధనలే వర్తిస్తాయి. పోనీ, అది ఎవరినైనా కరిచినట్టు ఫిర్యాదుందా?"

పన్నెండో వార్డు మొత్తాన్నీ కరిచిందని మంగతాయారు రాసిచ్చింది. ఆరువందల గడపల పేరిట ఒక ఫిర్యాదు తీసుకుని, రెండోరోజు మధ్యాహ్నానికి డాక్టరు గారు మేడ ఎక్కి, కళ్ళు మూసుకుని కమాండు కొట్టారు. ప్రోగ్రాం చచ్చింది. ఇక మళ్ళీ మొదలుపెట్టాలి. అది దక్షిణామూర్తి చేతిలో ఉంది.

"విధి నిర్వహణలో ఆగిపోయింది కదా. సంజాయిషీ అడగకుండా తిరిగి ఎలా తీసుకుంటాం?" అన్నాడాయన. "మెమో ఇచ్చాను. జవాబుకి పదిహేను రోజుల గడువు."

"మెమో ఎవరికిచ్చారండీ?"

"స్క్రీనుకి అంటించాను."

మంగతాయారు వెళ్ళి చూసింది. నిజంగానే అంటించి ఉంది. అందినట్టు సంతకం చేయడానికి కింద గీత కూడా ఉంది.

మూడోరోజు పన్నెండో వార్డు ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ళకు ముందు నిలబడ్డది ఇడ్లీబండి సింహాచలం. ఆమె గొంతు విప్పితే మూడు వీధులకు వినిపిస్తుంది.

"బాబూ, మూడ్రోజులైపోనాది! పప్పు నానబెట్టడానికి సుక్క నీళ్ళు నేవు. ఆసుపత్రిలో బాలింతలు నీళ్ళడుగుతుంటే నర్సమ్మ నా బండి కాడికొచ్చింది. నానెక్కడ్నుంచి తెచ్చేది?"

పరాంకుశరావు గారు కిటికీలోంచి చూసి, కర్టెను వేసి, మంగతాయారు పేరు జాబితాలో తాత్కాలికంగా చేర్చమన్నారు. ఎవరు చేర్చాలి? జాబితాని మార్చే హక్కు జాబితాలో ఎవరికీ లేదు. శిఖరానికుంది. ఉపసంఘం మేడ ఎక్కింది. ముగ్గురు మూడు ముక్కలు కొట్టారు. నాలుగో ముక్క జోగారావుది. ఆయనకు వారం కిందటే పొరుగు జిల్లాకు బదిలీ అయింది.

ఫోను చేశారు. "సార్, నేను చార్జి అప్పగించేశాను" అన్నాడు జోగారావు. "చార్జి లిస్టులో పాస్‌వర్డు ముక్క లేదు. అంటే అది నా దగ్గర లేనట్టే లెక్క. లేనిదాన్ని నేనెలా చెప్పను?"

"గుర్తుంది కదయ్యా!"

"వ్యక్తిగత హోదాలో గుర్తుంది సార్. అధికార హోదాలో లేదు."

మంగతాయారు గొంతు సవరించుకుంది. "సార్, యంత్రాన్ని ఒకసారి ఆపి, వేరే పద్ధతిలో మొదలుపెడితే పాస్‌వర్డు లేకుండానే లోపలికి వెళ్ళొచ్చండి. పది నిమిషాల పని. మీరు ఒక్క కాగితం మీద రాసిస్తే..."

"అంటే దొడ్డిదారి" అన్నాడు దక్షిణామూర్తి. "ఆ దారి ఉన్నట్టు మనం ఒప్పుకుంటే, ఆడిట్ వాళ్ళకు ఈ ఉపసంఘం ఎందుకున్నట్టని చెప్పాలి?"

కమిషనరు గారు నిట్టూర్చి, సమావేశాన్ని వాయిదా వేశారు.

మంగతాయారు కిందికి దిగింది. మెట్ల మీద బిందెల మధ్యలోంచి దారి చేసుకుంటూ పోతుంటే ఎవరూ తిట్టలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది. ఇంటికి వెళ్ళాల్సింది, పాత బజారుకు వెళ్ళింది. అక్కడ నూకరాజు ఇల్లుంది. యంత్రం రాకముందు ఊళ్ళో వాల్వులన్నీ చేత్తో తిప్పిన ఫిట్టరు. రిటైరై తొమ్మిదేళ్ళయింది.

"ఏటమ్మా, మిసను అలిగిందా?" అన్నాడు నూకరాజు నవ్వుతూ.

"మిషను కాదు బాబాయ్, మనుషులు అలిగారు. చేత్తో తిప్పే చక్రం ఇంకా ఉందా?"

"ఉండకేటి? ఇనుమది, ఎక్కడికి పోద్ది? రా, నాన్సూపిత్తాను."

ఇద్దరూ ఎర్రటి ఎండలో పన్నెండో వార్డు ట్యాంకుకు వెళ్ళారు. ట్యాంకు కింద గుంటలో బండి చక్రమంత ఇనుపచక్రం తుప్పు పట్టి ఉంది. మొదట వెనక్కి పావు చుట్టు వదిలి, తర్వాత బరువంతా వేసి తిప్పాలని నూకరాజు నేర్పాడు. చేతులు బొబ్బలెక్కాయి. గొట్టంలో గుడగుడమని చప్పుడైంది. వీధిలో ఎవరో "వచ్చాయొలే!" అని కేక వేశారు. మంగతాయారు ఆ గుంటలో, గ్రీజు చేతులతో, చాలా రోజుల తర్వాత నవ్వింది. రెండు గంటలు వదిలి మళ్ళీ మూసేశారు.

మర్నాడు ఉదయం ఆమె బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది సంజాయిషీ అడిగే మెమో. "జాబితాలో పేరు లేని మీరు, ఏ అధికారముతో నీటిని విడుదల గావించితిరి?" రెండోది జాబితాకు సవరణ. యంత్రంలో జాబితాను మార్చడం వీలు కాదు కనుక కాగితం మీద మార్చారు. 'తిప్పుట' అనే చర్య కూడా ఇకపై పరిపాలనా కమాండే. దాన్ని ఉపసంఘ సభ్యులు మాత్రమే, సీనియారిటీ క్రమంలో, అమలు చేస్తారు.

ఆ ప్రకారం పదిగంటలకు ఉపసంఘం రెండు జీపుల్లో ట్యాంకు దగ్గరకు బయల్దేరింది. వార్డంతా బిందెలు, బకెట్లు, డ్రమ్ములతో అక్కడే ఉంది. మంగతాయారు, నూకరాజు గట్టు మీద కూర్చున్నారు.

సీనియారిటీ ప్రకారం కమిషనరు గారు ముందు గుంటలోకి దిగారు. కోటు విప్పి డ్రైవరుకిచ్చి చక్రం పట్టుకున్నారు. చక్రం కదలలేదు. "దీనికి మన ఉత్తర్వు అందిందా?" అని అడిగారు. ఎవరూ నవ్వలేదు, ఆయన పరిహాసానికి అడగలేదు గనుక. తర్వాత డాక్టరు గారు దిగి, చక్రం మీద చెయ్యి వేసి నాడి చూసినట్టు చూసి పైకి వచ్చేశారు. దక్షిణామూర్తి చొక్కా చంక కింద చిరిగింది.

"కుడికి తిప్పాలా, ఎడమకా?" అని గుంటలోంచి అడిగాడాయన.

"నా పేరు నిస్టులో నేదు బాబూ" అన్నాడు నూకరాజు.

సింహాచలం గట్టెక్కి నడుం మీద చేతులేసుకుంది. "ఏవండీ కమిసనరు గోరూ! మాకు నీళ్ళు కావాల. మీలో ఎవరు పెద్దోలో మీరు మీరు సూసుకోండి. నిన్న ఈ అమ్మ తిప్పితే తిరిగింది. ఇయ్యాల ఎందుకు తిప్పదు?"

వెనక ఆరువందల గడపలు ముందుకు ఒక్కడుగు వేశాయి. పరాంకుశరావు గారు మంగతాయారువైపు చూశారు.

"తిప్పమ్మా."

"రాసివ్వండి" అంది మంగతాయారు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమే ఆశ్చర్యపోయింది. అయినా కూర్చున్న చోటి నుంచి లేవలేదు. "నిన్న రాయకుండా తిప్పినందుకు మెమో ఇచ్చారండి. జవాబు ఇంకా ఇవ్వలేదు."

కాగితం కోసం వెతికారు. డాక్టరు గారి సంచిలో కుక్కల టీకాల కరపత్రం ఒక్కటి దొరికింది. దాని వెనక, జీపు బానెట్ మీద పెట్టి కమిషనరు గారు రాశారు. "ప్రజాప్రయోజనము దృష్ట్యా పన్నెండవ వార్డు వాల్వును తెరచు అధికారము శ్రీమతి మంగతాయారు గారికి, ఒక్క పర్యాయమునకు మాత్రము, ఇందుమూలముగా దఖలు పరచడమైనది." దక్షిణామూర్తి జేబులోంచి రబ్బరు స్టాంపు తీసి గుద్దాడు. ఏ పరిస్థితిలోనూ ఆ స్టాంపు ఆయన జేబులోంచి పోదు.

మంగతాయారు కాగితాన్ని రెండుసార్లు చదివింది. మడిచి నూకరాజుకిచ్చి గుంటలోకి దిగింది. పావు చుట్టు వెనక్కి, తర్వాత బరువంతా. చక్రం కిర్రుమంది. గొట్టాల్లో నీళ్ళు పరుగెత్తాయి. వీధంతా బిందెల చప్పుడు.

గంట గడిచింది. ఆసుపత్రి తొట్టి నిండింది. ఇడ్లీబండి గిన్నెలు నిండాయి. డ్రమ్ములు నిండి, పిల్లల నీళ్ళసీసాలు కూడా నిండాయి. రెండో గంటలో నీళ్ళు రోడ్డెక్కాయి. కమిషనరు గారి బూట్లు తడిశాయి.

"ఇక కట్టెయ్యమ్మా" అన్నారాయన.

మంగతాయారు నూకరాజు చేతిలోంచి కాగితం తీసుకుని ఆయనకు చూపించింది. "తెరవడానికి రాశారండి."

దక్షిణామూర్తి చదివాడు. అంగీకరించక తప్పలేదు. "నిజమే సార్. మూయు అధికారం ఇందులో లేదు. పైగా ఒక్క పర్యాయం కూడా అయిపోయింది."

"ఇంకో కాగితం మీద రాయవయ్యా!"

"కాగితం లేదు సార్. నీళ్ళల్లో పడి రూల్సు పుస్తకం కూడా తడిసింది."

పరాంకుశరావు గారు పాదాల మీదుగా పోతున్న నీళ్ళను కాసేపు చూశారు. చివరికి గొంతు తగ్గించి, "ఆ పది నిమిషాల పని అన్నావే... వేరే పద్ధతి... దానికెంత కాగితం కావాలమ్మా?" అన్నారు.

"దానికీ ఒక్కటేనండి. కానీ అందులో మాట నేను చెబుతాను, మీరు రాయండి."

"జీపు తియ్యవయ్యా" అని ఆయన దక్షిణామూర్తి మీద అరిచారు. "ఆఫీసుకెళ్ళి రెండు లెటర్‌హెడ్లు పట్రా. ఒకటి ఈ వాల్వు మూయడానికి, ఒకటి ఆ మిషను తెరవడానికి. పరుగెత్తు!"

బురదలో జీపు చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. నలుగురు తోస్తున్నారు. మంగతాయారు గట్టు మీద కూర్చుని, బొబ్బలెక్కిన చేతులు కడుక్కుని, దోసిలి పట్టి కడుపు నిండా నీళ్ళు తాగింది.

సింహాచలం వీధి మొగదలకు వెళ్ళి, గొంతెత్తి కేక వేసింది.

"ఒలే, పదమూడో వార్డోలని కూడా రమ్మనండి! బాబుగోరికి కాయితం దొరికీదాకా నీళ్ళొత్తాయట!"